ఖాళీ పోస్టుల్లో కనిపించని లోటు

ఏ క్రీడా ప్రాంగణానికి వెళ్లినా ముందు నా చేతిలో పెట్టేది ఖాళీల జాబితా. కోచ్‌లు ఇంతమంది కావాలి, లైఫ్‌గార్డులు ఇంతమంది కావాలి, జిమ్ ట్రైనర్లు దొరకడం లేదు, దొరికినా నిలవడం లేదు. ఆ కాగితం తీసుకుని పక్కన పెట్టి నేను టైమ్‌టేబుల్ అడుగుతాను. ఈ వారానిది కాదు, కిందటి ఏడాది మొత్తానిది. "అదెందుకు మేడం, మీరు వచ్చింది సిబ్బంది గురించి కదా" అంటారు. సిబ్బంది గురించే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా పనేమిటో చెప్పేస్తాను. ఒక ప్రాంతంలో ఆటలు, వ్యాయామం నడిచే చోట్లన్నీ తిరుగుతాను. క్లబ్బులు, జిమ్‌లు, ఈతకొలనులు, బడి మైదానాలు, పార్కుల్లో పొద్దున్నే నడిచే గుంపులు కూడా. అక్కడ పనిచేసేవాళ్లకు ఏం వచ్చు, ఏం రాదు, ఆ రాకపోవడం వల్ల ఎవరికి నష్టం అన్నది రాసిపెడతాను. తర్వాత ఆ లోటు ఎలా పూడ్చాలో మాట్లాడతాం. మొదట్లో లైఫ్‌గార్డు కుర్చీలో కూర్చున్నాను, తర్వాత రిసెప్షన్‌లో, ఆ తర్వాత మేనేజర్ గదిలో. మేనేజర్ గదికి అన్నిటికన్నా మంచి కుర్చీ ఉంటుంది, అన్నిటికన్నా తక్కువ కనపడేదీ అక్కడి నుంచే.

టైమ్‌టేబుల్‌లో నేను వెతికేది ఖాళీ గళ్లు. దాదాపు ప్రతిచోటా అదే తంతు. తెల్లవారుజామున కిటకిట. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కోర్టు దొరకదు. మధ్యలో, పది నుంచి నాలుగు దాకా, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, మనిషి ఉండడు. "ఆ టైమ్‌లో ఎవరొస్తారండీ, అందరూ ఉద్యోగాలకు పోతారు" అంటారు. ఆ అందరిలో రిటైరైనవాళ్లు లేరు. చంటిపిల్లల తల్లులు లేరు. నైట్ షిఫ్టు చేసేవాళ్లు లేరు. గుండె జబ్బు వచ్చి తేరుకున్నాక రోజూ కాస్త ఒళ్లు కదిలించమని డాక్టర్ చెప్పి పంపినవాళ్లు లేరు. వాళ్లకు కుదిరేది ఆ వేళే. కానీ వాళ్లతో వ్యాయామం చేయించడం తెలిసిన మనిషి ఆ ప్రాంగణంలో ఒక్కరూ ఉండరు. అలాంటి మనిషి కావాలని ఎవరూ ఎప్పుడూ ప్రకటన ఇవ్వలేదు కాబట్టి, ఖాళీల జాబితాలో ఆ పోస్టు ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన లెక్క ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలో పెద్దవాళ్లలో 31 శాతం, అంటే సుమారు 180 కోట్ల మంది, చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. మగవాళ్లలో 29 శాతం, ఆడవాళ్లలో 34 శాతం. 2010తో పోలిస్తే ఇది దాదాపు ఐదు శాతం పాయింట్లు పెరిగింది. చాలినంత అంటే అదేం పెద్ద సాహసం కాదు: వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ. జిమ్‌లు ఇన్ని వెలిశాక కూడా కదలనివాళ్లు పెరుగుతున్నారంటే, మనం తయారుచేసే ట్రైనర్లు ఎవరికోసం తయారవుతున్నారో ఒకసారి చూసుకోవాలి కదా. మామూలు ట్రైనర్ కోర్సు ఆరోగ్యంగా, ఉత్సాహంగా, తనంతట తాను వచ్చి డబ్బు కట్టే మనిషిని ఊహించుకుని రాసింది. ఆ మనిషికి ట్రైనర్ లేకపోయినా పెద్దగా నష్టం లేదు.

అదే సంస్థ 2020 మార్గదర్శకాల్లో 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట ఉంది. వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్, కండబలం పెంచే వ్యాయామాలు చేయాలి, పడిపోకుండా ఉండటానికి. ఈ వాక్యం చదివి, మీకు తెలిసిన జిమ్‌లో ఇది చేయించగలవాళ్లు ఎవరో చెప్పమని అడగండి. చాలాచోట్ల నాకు చూపించినది నడిచే యంత్రాన్ని. అదీ రైలింగ్ పట్టుకుని.

టైమ్‌టేబుల్ తర్వాత నేను కూర్చునేది రిసెప్షన్ దగ్గర. మేనేజర్‌తో మాటలు తర్వాత. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి తెలిసినంత ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదు, కానీ సర్వే ఫారం ఆమె దాకా ఎప్పుడూ రాదు. ఒకచోట అలా కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. అవతల ఒక పెద్దావిడ. మోకాళ్లు అరిగిపోయాయి, షుగర్ ఉంది, ఏదైనా చేయొచ్చా అని. "ముందు డాక్టర్‌ని అడగండమ్మా" అంది ఈ పిల్ల, ఎంతో మర్యాదగా. ఫోన్ పెట్టేశాక నావైపు తిరిగి, "డాక్టరే పంపించారట మేడం. నేనేం చెప్పాలి?" అంది. రోజుకు అలాంటివి ఎన్ని వస్తాయంటే లెక్కపెట్టలేదంది.

అప్పటినుంచి ఏ ప్రాంగణానికి వెళ్లినా ముందు చేయించే పని ఇదే. రిసెప్షన్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టిస్తాను. వచ్చినవాళ్ల పేర్లు రాసే రిజిస్టర్ ఎలాగూ ఉంటుంది, ఇందులో మనం కాదన్నవాళ్లను రాయాలి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎందుకు కుదరదన్నాం. పేరు అక్కర్లేదు. ఒక నెల రాస్తే చాలు. "బాబు చక్రాల కుర్చీలో ఉంటాడు, బ్యాడ్మింటన్ నేర్పుతారా." "ఆడవాళ్లకు ఈత నేర్పే ఆడ టీచర్ ఉన్నారా." "కాన్పయి మూడు నెలలైంది, ఏ క్లాసులో చేరాలి." "నాన్నగారికి పక్షవాతం వచ్చి తగ్గింది." ఆ పుస్తకం చదివాక ఖాళీల జాబితా అవసరం నాకు మళ్లీ పడలేదు. ఇందులో ప్రతి లైనూ ఒక నైపుణ్యం పేరే. కాకపోతే అడిగినవాళ్ల మాటల్లో ఉంది.

ఇక్కడ ఒకటి విడదీసి చెప్పాలి, లేకపోతే తర్వాతదంతా కలగాపులగం అవుతుంది. మనుషులు దొరక్కపోవడం వేరు. ఉన్న మనిషికి పని రాకపోవడం వేరు. పని వచ్చిన మనిషిని చేయనివ్వకపోవడం మూడోది. చివరిది నమ్మరు గానీ, తరచూ తగిలేది అదే. ఒక క్లబ్బులో సాయంత్రాలు పిల్లలకు నేర్పే కుర్రాడు ఫిజియోథెరపీ చదివినవాడని నాకు టీ తాగుతూ తెలిసింది. మేనేజర్‌కు తెలియదు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఈ మూడింటికీ జనం రాసే మందు ఒకటే: శిక్షణ. మొదటిదానికి శిక్షణ పనిచేయదు, జీతం, పనివేళలు పనిచేస్తాయి. రోజుకు రెండు గంటలు పొద్దున, మూడు గంటలు సాయంత్రం, మధ్యలో ఇంటికి పోయి రమ్మనే ఉద్యోగంలో ఎవరు నిలుస్తారు? మూడోదానికి కావలసింది ఒక సంభాషణ, ఒక గంట ఖాళీ హాలు. రెండోదానికి మాత్రమే శిక్షణ.

రెండోది ఎలా కనిపెట్టాలి? ఫారాలు పంచి "మీకు ఇది వచ్చా" అని అడిగితే కాదు. ఫారంలో అందరికీ అన్నీ వచ్చు. ముఖ్యంగా సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి కాపాడే పని. నేను టిక్కుల వైపు చూడను. దాన్ని సాధన చేసే మనిషి బొమ్మను సంచిలో వేసుకుని వెళ్తాను. మధ్యాహ్నం ఎవరూ అనుకోని వేళ దాన్ని కోర్టు మధ్యలో పడుకోబెట్టి, "ఇతను పడిపోయాడు" అంటాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున నొక్కాలి. చాలామంది చేతులు సరిగ్గానే పెడతారు, లోతు చాలదు. విరిగిపోతుందేమోనన్న భయం బొమ్మ విషయంలోనూ ఉంటుంది. కొందరు మొదట ఫోన్ కోసం జేబులు తడుముకుంటారు, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. సర్టిఫికెట్ మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది. చేతిలో పనితనం మాత్రం నేర్చుకున్న మూడు నుంచి ఆరు నెలల్లోనే జారిపోతుందని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. అంటే గోడమీద ఫ్రేమ్ కట్టిన కాగితం నిజమే, చేతులు మాత్రం మర్చిపోయాయి.

తర్వాత అడిగేది ఏఈడీ ఎక్కడుంది అని. గుండెకు షాకిచ్చే పెట్టె. "ఆఫీసులో" అంటారు. ఆఫీసు తాళం ఎవరి దగ్గర? ఆదివారం టోర్నమెంట్ రోజు ఆయన వస్తారా? గుండె ఆగినప్పుడు సీపీఆర్, షాక్ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. 2021 జూన్ 12న యూరో కప్పు ఫుట్‌బాల్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్ నడుస్తుండగా డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కోపెన్‌హేగన్ మైదానంలో కుప్పకూలడం కోట్లమంది టీవీలో చూశారు. కెప్టెన్ సిమోన్ కేర్ పరుగెత్తుకొచ్చాడు, వైద్య సిబ్బంది అక్కడే సీపీఆర్ చేశారు, షాకిచ్చారు. మరుసటి ఏడాది ఎరిక్సన్ మళ్లీ మైదానంలోకి దిగాడు. అక్కడ వైద్యులు ఉన్నారు, నిజమే. మన ఆదివారం మ్యాచ్‌లో వైద్యులు ఉండరు కాబట్టే స్కోరు రాసే అబ్బాయికి కూడా రావాలి అంటాను. దీనికి కొత్త కోర్సు, కొత్త బడ్జెట్ ఏమీ వద్దు. మూడు నెలలకోసారి షిఫ్టు మొదలయ్యే ముందు బొమ్మ మీద పది నిమిషాలు, పెట్టెను తాళం లేని గోడకు బిగించడం. రెండోదానికి ఎక్కువ వాదించాల్సి వస్తుంది. పోతుందేమోనని భయం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన గదికి వద్దాం. ఈతకొలను వెనక ఉండే మోటార్ రూమ్. సర్వేలు చేసేవాళ్లెవరూ అందులోకి రారు. చెమట, చప్పుడు, ఘాటు. అక్కడ సాధారణంగా ఒకాయన ఉంటాడు. రికార్డుల్లో హోదా హెల్పర్. అసలు ఆ కొలను నడిచేది ఆయన చేతుల మీద. పంపు శబ్దం మారితే ఫిల్టర్ నిండిందని చెప్తాడు, నీళ్లు వెనక్కి పంపి ఫిల్టర్ కడిగే బ్యాక్‌వాష్ ఎప్పుడు తిప్పాలో గేజీ చూడకుండానే చెప్తాడు, ఆ తర్వాత గేజీ కూడా చూస్తాడు. ఒకచోట అలాంటి ఆయనతో సగం రోజు గడిపాను. పొద్దున్నే కొలను అంచున మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి లోతు దాకా చెయ్యి ముంచి సీసాలో నీళ్లు పట్టాడు. "పైపై నీళ్లు పడితే అబద్ధం చెప్తాయి మేడం" అన్నాడు. చుక్కలు వేశాడు, సీసా ఊపాడు, రంగును కాగితం మీది గళ్లతో పోల్చడానికి గదిలోంచి బయటికి, పగటి వెలుతురులోకి వచ్చాడు. గదిలో ట్యూబ్‌లైటు కింద చూస్తే రంగు తేడా కొడుతుందట.

ఆ రోజు మెంబర్లు ఫిర్యాదు చేశారు, క్లోరిన్ వాసన ఎక్కువగా ఉందని, కళ్లు మండుతున్నాయని. మేనేజర్ ఫోన్ చేసి క్లోరిన్ తగ్గించమన్నాడు. ఈయన తగ్గించలేదు, కాస్త పెంచాడు, కొంత నీరు వదిలేసి కొత్త నీరు పట్టాడు. కరెక్టే. ఆ ఘాటు వాసన శుద్ధమైన క్లోరిన్‌ది కాదు. చెమటతో, మూత్రంతో కలిసి పని అయిపోయిన క్లోరిన్‌ది, క్లోరమిన్లది. వాసన పెరిగిందంటే, చాలాసార్లు, పనిచేసే క్లోరిన్ చాలడం లేదని అర్థం. నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే పీహెచ్ అంకె సంగతీ అంతే. 7.5 దగ్గర వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం గట్టిగా క్రిములను చంపే రూపంలో ఉంటుంది, 8కి చేరితే సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. డబ్బాలు డబ్బాలు పోస్తూనే ఉంటారు, నీళ్లు పచ్చబడుతూనే ఉంటాయి. ఇక యాసిడ్, క్లోరిన్ కోసం వేసే హైపోక్లోరైట్ పక్కపక్కన పెట్టి ఒకే మగ్గుతో రెండూ తీస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఆయన రెండింటికీ రెండు రంగుల మగ్గులు పెట్టుకున్నాడు, రెండు వేర్వేరు మూలల్లో. ఎవరూ చెప్పలేదు, తానే.

ఆయన ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నాడు. ఆ సంస్థ నైపుణ్యాల పట్టికలో ఈతకొలను నిర్వహణ ఎదురుగా "సమస్య లేదు" అని రాసి ఉంది. పోస్టు ఖాళీగా లేదు కదా మరి! నేను పట్టికల కన్నా పుట్టినతేదీలను నమ్మడం మొదలుపెట్టింది ఇలాంటివి చూశాకే. ఏ పని ఒక్క మనిషికే వచ్చు, ఆ మనిషి వయసెంత, ఆయన సెలవు పెట్టిన రోజు ఏం జరుగుతుంది అని మూడు ప్రశ్నలు వేస్తే, ఏ సాఫ్ట్‌వేరూ చూపించని లోటు బయటికొస్తుంది. పరిష్కారానికి ఆయన్నే అడిగాం. ఒక కుర్రాణ్ని ఆయన పక్కన పెట్టారు, ఊడవడానికి కాదని రాతపూర్వకంగా రాసి మరీ. ప్రతి వాల్వుకూ నంబర్ రాసి ట్యాగ్ కట్టారు. రోజూ పరీక్ష ఫలితం, ఆ రోజు ఏం చేశాడు, ఎందుకు చేశాడు అన్నది ఆయన చెప్తుంటే కుర్రాడు రాసుకున్నాడు. "ఎందుకు" అన్న గడి నేను పెట్టించింది. మొదట్లో అందులో "అలవాటు" అని వచ్చేది. పోనుపోను కారణాలు వచ్చాయి. హెల్పర్ హోదా మార్చి, నేర్పినందుకు అదనంగా ఇవ్వమన్నాను. దానికి మూడు సమావేశాలు పట్టింది, ట్యాగులకు ఒక పూట.

కోచ్‌ల దగ్గరికొస్తే, అందరూ అడిగేది ఆట తెలిసినవాళ్లను. పెద్ద స్థాయిలో ఆడినవాళ్లయితే మరీ మంచిది. నేను గట్టు మీద కూర్చుని చూసేది వాళ్లు పిల్లలతో ఏం మాట్లాడుతున్నారు అన్నది. తప్పు చేసిన పిల్లాడి తర్వాతి బంతిని కోచ్ చూశాడా, లేక తిట్టేసి అవతలికి తిరిగాడా? అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ మనస్తత్వవేత్తలు రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ చిన్నపిల్లల బేస్‌బాల్ కోచ్‌ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు ఇచ్చిన శిక్షణ పట్టుమని రెండున్నర గంటలు. బాగా చేసినప్పుడు, కష్టపడినప్పుడు గుర్తించి చెప్పడం, తప్పు చేస్తే ముందు ధైర్యం చెప్పి తర్వాత సరిదిద్దడం, తిట్లు మానేయడం. అంతే. 1992లో వచ్చిన అధ్యయనంలో, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి సీజన్‌కు మానేసినవాళ్లు 5 శాతం, మిగతా కోచ్‌ల దగ్గర 26 శాతం. గెలుపోటముల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండున్నర గంటలకు ఇంత ఫలితం ఉన్న సంగతి తెలిసి కూడా, ఆరు నెలల డిప్లొమాల్లో దీనికి ఒక చాప్టర్ కేటాయించి, అందులోనూ నిర్వచనాలు రాయిస్తారు. నాకు కోపం వచ్చే విషయాల్లో ఇదొకటి.

ఇంకో రకం లోటు ఉంది, అది బాగా నేర్చుకున్నవాళ్లలోనే ఉంటుంది. నేర్చుకున్నది పాతబడటం. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగితే, లక్షణాలన్నీ పోయేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలని ఒక తరం కోచ్‌లు నేర్చుకున్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని, మరుసటి ఏడాది ప్రచురించిన ఏకాభిప్రాయం ఇలా ఉంది: మొదటి 24 నుంచి 48 గంటలు కాస్త విశ్రాంతి, ఆ తర్వాత నెమ్మదిగా నడక లాంటి తేలికపాటి కదలిక మొదలుపెట్టడం మేలు. మారనిది ఒకటే. అనుమానం వచ్చిన ఆటగాణ్ని ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. విచిత్రం ఏమిటంటే, మారిన సంగతి కొత్తవాళ్లకు తెలుసు, మారనిదాన్ని పాటించే ధైర్యం పాతవాళ్లకే ఉంటుంది. ఫైనల్‌లో స్టార్ ఆటగాణ్ని బయటికి పిలవాలంటే సర్టిఫికెట్ చాలదు, తల నెరిసి ఉండాలి. అందుకే ఒకళ్లకొకళ్లను జత చేయమంటాను.

చక్రాల కుర్చీలో ఉన్న ఆ బాబు సంగతి చెప్పలేదు కదూ. దివ్యాంగులకు నేర్పడం అనగానే "స్పెషలిస్టు కావాలి" అని చేతులెత్తేస్తారు. పోటీల స్థాయికి కావాలి, నిజమే. మొదటి మెట్టుకు అక్కర్లేదు. ఇంగ్లండ్ కోచ్‌లు వాడే ఒక పద్ధతి చెప్తాను, నాలుగు విషయాలు మార్చి చూడటమే: స్థలం, చేయాల్సిన పని, పరికరం, చుట్టూ ఉండే మనుషులు. బ్యాడ్మింటన్ కోర్టును సగానికి తగ్గించారు. షటిల్ ఒకసారి నేలను తాకినా ఫర్వాలేదన్నారు. షటిల్ నేలన పడితే లేవదు కాబట్టి దాని బదులు మెత్తటి బంతి ఇచ్చారు. అవతల అదే ఈడు పిల్లను నిలబెట్టారు. అదే కోచ్, అదే సాయంత్రం, కొత్తగా ఎవర్నీ తీసుకోలేదు. ఆ కోచ్‌కు లేనిది నైపుణ్యం కాదు, రూల్స్ మార్చడానికి అనుమతి. మీరు మార్చొచ్చండీ అని ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

మరి నిజంగా స్పెషలిస్టు కావలసినచోట? ప్రతి క్లబ్బూ ఒక ఫిజియోను పెట్టుకోలేదు. ఇక్కడ నేను అందరికీ చెప్పేది న్యూజీలాండ్ కథ. ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 1990లలో వృద్ధులు పడిపోకుండా ఒక వ్యాయామ పద్ధతి తయారుచేశారు. కాళ్ల బలానికి కొన్ని, బ్యాలెన్స్‌కు కొన్ని, దాంతోపాటు నడక. ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయి. నాకు ముఖ్యమైంది ఆ అంకె కాదు. మొదట ఫిజియోథెరపిస్టులు ఇళ్లకు వెళ్లి చేయించారు, తర్వాతి ప్రయోగంలో వాళ్ల దగ్గర తర్ఫీదు పొందిన నర్సు చేయించింది. ఫలితం నిలబడింది. ఒక స్పెషలిస్టు తెలివిని పద్ధతి ప్రకారం ఇంకొకరి చేతికి అందించవచ్చని, తర్వాత వెనకుండి చూసుకుంటే చాలని దానివల్ల తెలిసింది. చుట్టుపక్కల నాలుగైదు క్లబ్బులు కలిసి ఒక ఫిజియోను నెలకు కొన్ని గంటలు తెచ్చుకుని, ప్రతి క్లబ్బు నుంచి ఇద్దరికి ఆయన చేత నేర్పిస్తే, ఉదయం పదింటి క్లాసు మొదలవుతుంది. ఇలా మొదలైనవి చూశాను. ఆగిపోయినవీ చూశాను. ఆగినచోట్ల కారణం దాదాపు ఒకటే: నేర్చుకునే గంటలకు జీతం ఇవ్వలేదు. గంటకింత అని బతికేవాళ్లను ఆదివారం ఊరికే వచ్చి నేర్చుకోమంటే ఒకసారి వస్తారు.

పై స్థాయిలో ఈ పని ఎలా చేయొచ్చో ఇంగ్లండ్ ఒక దారి చూపించింది. 2022 నాటి చట్టంతో అక్కడ ప్రాంతాలవారీగా నైపుణ్యాల ప్రణాళికలు వచ్చాయి. ఉద్యోగాలిచ్చేవాళ్ల సంఘాలు ముందుండి రాయాలి, కాలేజీలు వాటిని బట్టి కోర్సులు మార్చుకోవాలి. ఆలోచన మంచిదే. స్థానికంగా ఏం కావాలో రాజధానిలో కూర్చుని తేల్చడం కన్నా ఎంతో మేలు. నా పేచీ ఒక్కటే. యజమాని తనకు కావలసింది చెప్తాడు. మా రంగంలో అసలు నష్టపోయేది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు, వాళ్లు ఏ సంఘంలోనూ ఉండరు. కాబట్టి ఆ సమావేశాలు ఎక్కడ జరిగినా, రిసెప్షన్ నోటు పుస్తకం కూడా బల్ల మీద ఉండాలని పట్టుబడతాను. దాంతోపాటు ఆ ప్రాంతపు ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాళ్లు ఒకరిద్దరు. ఎవర్ని వ్యాయామానికి పంపాలనుకుని పంపలేకపోయారో వాళ్లు చెప్తారు.

ఫలితం ఎలా కొలవాలి అని నిధులిచ్చేవాళ్లు అడుగుతారు. ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎన్ని సర్టిఫికెట్లు అన్నది వాళ్ల లెక్క. శిక్షణ అయిన ఆరు నెలలకు, అంతకుముందు లేని ఏ క్లాసు నడుస్తోంది, అందులో అంతకుముందు రానివాళ్లు ఎంతమంది, నేర్చుకున్న మనిషి ఇంకా అక్కడే ఉన్నాడా అన్నది నా లెక్క. రెండు లెక్కలూ ఇస్తాను. వాళ్ల రిపోర్టులో మొదటిదే అచ్చవుతుంది.

నాకు కొరుకుడు పడనిది రిఫరీల వ్యవహారం. కుర్రాళ్లకు నేర్పుతాం, పరీక్ష పాసవుతారు, విజిల్ కొంటారు, నాలుగు మ్యాచ్‌లు చేసి కనపడకుండా పోతారు. అడిగితే చదువు అంటారు, ఇంకొంచెం అడిగితే నిజం చెప్తారు: గట్టు మీది తండ్రులు. పదహారేళ్ల పిల్లను నలభై ఏళ్ల మనిషి ఆఫ్‌సైడ్ కోసం బూతులు తిడుతుంటే, ఆ పిల్లకు ఇంకో వర్క్‌షాప్ పెట్టి లాభమేంటి? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2023లో కింది స్థాయి మ్యాచ్‌ల్లో రిఫరీలకు ఒంటి మీద కెమెరాలు పెట్టి చూడటం మొదలుపెట్టింది. కెమెరా దాకా వచ్చిందంటే పరిస్థితి ఊహించండి. ఇప్పుడు పనిచేస్తున్న చోట మేం కెమెరాలు పెట్టలేం. కొత్త రిఫరీతో మొదటి కొన్ని మ్యాచ్‌లకు ఒక సీనియర్ గీత పక్కన నిలబడతాడు. తిట్టు వినపడితే మ్యాచ్ ఆపే అధికారం అతనికి ఇచ్చాం. కిందటి వారం ఒక మ్యాచ్ ఆపాడు. క్లబ్ సెక్రటరీకి ఫోన్లు వచ్చాయి, ఆయన కట్టుబడి ఉన్నాడు. వచ్చే సీజన్‌కు రిఫరీల పేర్ల నమోదు ఇంకా తెరవలేదు.